చీమలు పట్టిన ఫట్‌ఫటి

చౌటుప్పల్‌లో బస్సు ఆగితే టీ తాగుదామని దిగాను. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న ఒక ముసలి డ్రైవరు నన్ను ఆనవాలు పట్టి, "మేస్త్రి పోయిండు, ఎరుకేనా?" అన్నాడు. ఏ మేస్త్రి అని నేను అడగలేదు. ఆ రోడ్డు మీద మేస్త్రి అంటే ఒక్కడే, ఇంజన్లు బాగుచేసే మేస్త్రి.

"ఎప్పుడు?" అన్నాను.

"నెల దాటింది. ట్రాక్టరు కింద పండుకొని పని చేస్తాండు అనుకున్నరంట అందరు. పగటన్నానికి పిలిస్తే పలకలేదంట. పలకకుంటే ఎవలు ఫికర్ జేస్తరు? ఆయన ఎన్నడు పలికిండు గనుక?"

నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. చావు కబురు వింటూ నవ్వేవాణ్ణి మనిషంటారా? కానీ ఆ డ్రైవరూ నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం తుడుచుకుంటున్నాడు. ఇంజన్ కింద దూరాక మేస్త్రిని తహసీల్దారు పిలిచినా పలికేవాడు కాదు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, "ఏంది?" అన్నప్పుడే మాట మొదలు. అటువంటి మనిషి పోయిన సంగతి పూటంతా ఎవరికీ తెలియకపోవడంలో వింతేమీ లేదు.

ఇంటికొచ్చి ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే, ఆయన పేరు నాకు తెలియదని అప్పుడు తట్టింది. ఎటువైపో లోపలి ఊళ్ళో, గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టాడని మాత్రం తెలుసు. మిగతాదంతా నేను చూసిందే. చూసిందాంట్లో మూడొంతులు ఆయన వీపు.

రోడ్డు పక్కన వేపచెట్టు, దాని కింద రేకుల కొట్టం. అదే ఆయన కార్ఖానా. బావుల మీద నీళ్ళు తోడే ఇంజన్లు, లారీలు, బస్సులు, అప్పుడప్పుడూ బియ్యం మర ఇంజన్లు అక్కడికే వచ్చేవి. గోనెపట్టా మీద పానాలన్నీ పొడుగును బట్టి వరసగా పరిచి ఉండేవి. ఒక్క పానా జాగా మారినా పని ఆపి వెతికేవాడు. దొరికాక తీసినవాణ్ణి తిట్టేవాడు కాదు. దాన్నే గుడ్డతో తుడిచి, "ఎండల తిరిగొచ్చింది పాపం," అని వరసలో పడుకోబెట్టేవాడు. తీసినవాడు మళ్ళీ జన్మలో దాని జోలికి పోయేవాడు కాదు.

బీడీ ఎప్పుడూ చెవి మీదే ఉండేది. పెట్రోలు వాసన ఉన్నచోట వెలిగించడు కాబట్టి పొద్దుగూకే వేళకి రోడ్డు దాటి అవతలి గట్టు మీద కూర్చుని, అక్కడి నుంచి తన కొట్టాన్ని చూసుకుంటూ తాగేవాడు. ఆ కాసేపూ ఎవరైనా పని మాట ఎత్తితే, "నేను గీడ లేను, గాడున్న," అని కొట్టం వైపు చూపించేవాడు.

ఎవరొచ్చినా ముందడిగే మాట "తిన్నవా?" అని. తినలేదంటే యంత్రాన్ని ముట్టేవాడు కాదు. ఆకలితో ఉన్నవాడు తన బండి గురించి అబద్ధాలు చెప్తాడని ఆయన నమ్మకం. మరలు బిగించే పొడుగాటి పేచ్‌కస్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడెవరూ దగ్గకూడదు. నేను పనిచేసే పశువుల ఆసుపత్రి డాక్టరుగారి మెడలోని గొట్టం కన్నా ఈయన పేచ్‌కస్‌కే ఎక్కువ వినపడుతుందని నాకు గట్టి అనుమానం. "అది చెప్తది. మనం ఇనాలె," అనేవాడు. ఖరాబైంది అన్న మాట ఆయన నోట వినలేదు. "అలిగింది" అనేవాడు. చిన్న అలక, పెద్ద అలక, పుట్టింటికి పోయేటంత అలక. ఇక లాభం లేదనుకున్నదాని మీద మాత్రం ఒక గోనెసంచి కప్పి, ఇంకో పనిలో పడేవాడు. సంచి కప్పాడంటే ఆ యజమాని ఏడ్చి మొత్తుకున్నా తీసేవాడు కాదు.

ఒకసారి నేనుండగానే ఒక రైతు వచ్చాడు. బావి మీది ఇంజన్ నీళ్ళు గుంజడం లేదట, అప్పటికి మూడుసార్లు బాగు చేయించాడట. మేస్త్రి వెంట పోయాడు, తమాషా చూద్దామని నేనూ పోయాను. ఇంజన్ తిప్పించి, పేచ్‌కస్ పెట్టి విని, ఆపించి, బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూశాడు. ఆ రైతు ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు.

"ఇంజన్‌కేం గాలే పటేలా," అన్నాడు మేస్త్రి. "బాయిల నీళ్ళు లెవ్వు."

రైతు ముఖం వాడిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదా? రోజూ చూస్తూనే ఉన్నాడు. ఇంజన్‌ది తప్పయితే బాగుచేసుకోవచ్చు, బావిది తప్పయితే ఎవరితో చెప్పుకోవాలి? మేస్త్రి లేచి రాలేదు. ఆ గట్టు మీదే అతని పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఎక్కడ తవ్వితే జల పడుతుందో, ఎవరిని పిలవాలో, ఏ చేను ఈ ఏడు వదిలేసుకోవాలో మాట్లాడి వచ్చాడు. దారిలో నాతో, "అబద్దం చెప్తే ఇంకో నాలుగుసార్లు పిలుస్తుండె నన్ను," అన్నాడు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక నా కథకొస్తాను. అరవైల మొదటి మాట. మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్ళలో గొర్లకు టీకాలు వేసే ఉద్యోగం నాది. టీకా మందును మంచులో పెట్టి తీసుకుపోవాలి. మంచుగడ్డ నల్లగొండ నుంచి బస్సులో రావాలి. అది రాగానే థర్మాస్‌లో దించి, సైకిలెక్కి, కంకర రోడ్డు మీద పడాలి. ఎండాకాలం పది మైళ్ళు తొక్కేసరికి థర్మాస్‌లో మంచుండేది కాదు, గోరువెచ్చని నీళ్ళుండేవి. ఆ మందు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే.

ఒక ఊళ్ళో అట్లాగే జరిగింది. మందు పాడైందని వేయకుండా వెనక్కి వచ్చాను. నాలుగు రోజులు తిరక్కుండానే గొర్లను ఉన్నపళాన చంపే చిటుక రోగమొచ్చి ఆ మందలో సగం గొర్లు పోయాయి. తర్వాత నేను పోతే ఆ గొర్లకాపరి నన్నొక్క మాట అనలేదు. ఎండన పడి వచ్చానని ముంతెడు సల్ల పోశాడు. తిట్టినా బాగుండును. ఆ సల్ల గొంతు దిగడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు.

ఆ రోజు నుంచి నాకు ఫట్‌ఫటి పిచ్చి, అంటే మోటారు సైకిలు పిచ్చి, పట్టింది. ఫట్‌ఫటి ఉంటే మంచు కరిగేలోపు ఏ ఊరికైనా చేరొచ్చు. అయితే పిచ్చంతా గొర్ల కోసమే అంటే కళ్ళు పోతాయి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, దుమ్ము లేపుకుంటూ అత్తగారి ఊళ్ళోకి పోవాలనీ ఉండేది. పెళ్ళయి ఏడాది కాలేదు మరి.

చౌటుప్పల్ దగ్గరి ఊళ్ళో నూలు దుకాణం శావుకారి దగ్గర ఒక ఫట్‌ఫటి ఉందని తెలిసింది. ఆయన మా నేత సాలోళ్ళాయనే, వరసకు మామ అవుతాడు. మిలిటరీ వేలంలో కొన్న పాత విలాయతీ బండి. ఒళ్ళు పెరిగి కిక్కు కొట్టలేక మూలన పెట్టాడు. నేను పోయి అడిగితే దాచకుండా చెప్పాడు.

"లోగడ ఓసారి వాగుల రాయి తగిలి ఇంజన్ కడుపుకు దెబ్బ తగిలింది అల్లుడా. నేనే బాగు జేసిన. ఇప్పుడు నూనె చుక్క కారది. నాకు నువ్వు పైసలేమియ్యకు. మీ ఇంట్ల రెండో మగ్గం ఉన్నది గద, గది పెట్టు, బండి తోలుకపో."

మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద బాపు, రెండోదాని మీద మా తమ్ముడు. పంతొమ్మిదేళ్ళవాడు, చెయ్యి పెడితే బాపు కన్నా నునుపుగా నేస్తాడు. ఆ మగ్గం పోతే వాడికి కూర్చోవడానికి జాగా లేదు. మా వైపు పిల్లలు అప్పటికే చాలామంది షోలాపూర్ బట్టల మిల్లుల్లోకి పోయారు. పోయినవాళ్ళు పెళ్ళిళ్ళకు చావులకు వచ్చి, దగ్గుతూ వెళ్ళిపోయేవాళ్ళు.

నేను ఇంట్లో చెప్పలేక చెప్పాను. బాపు ఒక పూట ఆలోచించి, "నౌకరి చేసేటోనివి నువ్వు. నువ్వు నిలవడితె ఇల్లు నిలవడతది. మగ్గం ఇద్దాం," అన్నాడు. తమ్ముడు నవ్వుతూనే, "నాకు షోలాపూర్‌ల దోస్తులున్నరు అన్నా, ఫికర్ జెయ్యకు," అన్నాడు. ప్రయాణానికని అటక మీది రేకు పెట్టె దించి, దానికి ఆకుపచ్చ రంగు కూడా వేశాడు. అమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉండిపోయింది. ఆ రంగు ఆరబెట్టిన పెట్టె పక్క నుంచే నేను రోజూ పొద్దున్నే సైకిలు బయటికి తీసేవాణ్ణి. దాని వంక చూసేవాణ్ణి కాదు.

దెబ్బతిన్న ఇంజన్ కాబట్టి మేస్త్రికి చూపించి, అవసరమైతే బాగుచేయించుకునే తీసుకుందామనుకున్నాను. ఆయన ముందే ఒక షరతు పెట్టాడు.

"నడుపుకుంట తేవొద్దు. ఎడ్లబండి మీద ఏసుకొని రాండ్రి. నడిచి అలసిన గొర్రె గుణం తెలుస్తదా డాక్టర్ సాబ్?"

నన్నాయన డాక్టర్ సాబ్ అనే పిలిచేవాడు. నేను డాక్టర్ను కానని ఆయనకూ తెలుసు.

శావుకారి మామా నేనూ ఎడ్లబండి మీద ఫట్‌ఫటిని పడుకోబెట్టి, పెళ్ళికూతురిని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చాము. పొద్దు బారెడెక్కింది. మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కిక్కు కొట్టాడు. రెండో దెబ్బకే అందుకుంది. ఆ చప్పుడుకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. పేచ్‌కస్ పెట్టి అక్కడా ఇక్కడా విన్నాడు. నేను కళ్ళార్పకుండా ఆయన ముఖమే చూస్తున్నాను.

"గొంతు మంచిగున్నది," అన్నాడు.

మామ మీసం దువ్వుకున్నాడు. నేనప్పుడే కళ్ళద్దాలు పెట్టుకున్నట్టు ఉంది నాకు. ఒక్క క్షణం మాత్రం ఆకుపచ్చ పెట్టె గుర్తొచ్చింది. ఆ తలపును లోపలికి తోసేశాను.

ఫట్‌ఫటిని వేపచెట్టు నీడలో నిలబెట్టి, ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. తిన్నాక మేస్త్రి చేతులు కడుక్కుంటూ కడుక్కుంటూ ఆగిపోయాడు. చెంబు అట్లాగే వంచి ఉంది, నీళ్ళు కారిపోతున్నాయి. నేలకేసి చూస్తున్నాడు. మేమూ చూశాం. వేపచెట్టు మొదట్లోంచి ఎర్రచీమలు బారు కట్టి, మేము కూర్చున్నచోటును, రొట్టెముక్కలను కూడా వదిలేసి, తిన్నగా ఫట్‌ఫటి వైపు పోతున్నాయి. స్టాండు మీదుగా ఎక్కి ఇంజన్ కడుపు కిందికి దూరుతున్నాయి.

"శావుకారీ," అన్నాడు మేస్త్రి, "నీ ఫట్‌ఫటి షక్కర తింటదా?"

మామకు నవ్వాలో వద్దో తెలియలేదు. మేస్త్రి వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. ఇక పిలిచినా పలకడని తెలుసు కాబట్టి మేము మాట్లాడలేదు. కాసేపటికి చెయ్యి బయటికొచ్చింది. వేలి చివర నల్లటి మట్టిలాంటిది. ఆ చెయ్యి మళ్ళీ లోపలికి పోయింది.

"తియ్యగున్నది," అని కింద నుంచి వినపడింది.

చిన్న సూదితో గెలుకుతూ పోయి ఏదో పట్టి లాగాడు. అది వస్తూనే ఉంది. బెత్తెడు, జానెడు, మూరెడు. బయటికొచ్చి దాన్ని నా చేతిలో పెట్టి, "సాలోళ్ళ పిలగానివి గద, గిదేందో చెప్పు," అన్నాడు.

నూనె తుడిచి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. చిన్నప్పటి నుంచి చేసిన పని, అందుకు కళ్ళక్కర్లేదు. "నూలు. నలభయ్యో నంబరు. రెండు పోగులు పురి పెట్టి గంజి పట్టించిండ్రు," అన్నాను.

మామ గర్వంగా ముందుకొచ్చాడు. ఆయనకిందులో దాచవలసింది ఏమీ కనపడలేదు.

"గదే నేను జేసిన రిపేరు. రంగు బాన పగులు వడితే మనమేం జేస్తం? నూలు కూరి, బెల్లం సున్నం నూరి పూడుస్తం. గట్లనే పూడ్చిన. పైన దీపం మసి రాసిన. మొన్న నీకు ఇద్దామని మల్లోసారి తాజాగ పెట్టిన. మా ఇంట్ల నీలిరంగు బాన పన్నెండేండ్ల సంది చుక్క కారలే, చూసుకో!"

నవ్వకండి. నాకు ముందు కలిగింది మెచ్చుకోలే. ఆ పగులులోకి ఒక్క పోగు పైకి తేలకుండా ఎంత ఒద్దికగా కూరాడో! మా బాపు చూస్తే భుజం తట్టేవాడు. మామ నన్ను మోసం చేయలేదు. తన చేతికొచ్చిన విద్యనంతా పెట్టి బాగుచేశాడు. కాకపోతే అది బాన విద్య.

మేస్త్రికీ అదే అనిపించినట్టుంది. "బాన అయితే నీ అంత మంచిగ ఎవ్వడు పూడ్వడు శావుకారీ. గీని కడుపుల నిప్పుంటది, గంతే తేడా," అన్నాడు మెల్లగా.

తర్వాత ఆయన చేసిన పని నేనెప్పటికీ మరచిపోను. పూడ్చిందంతా గీకేసి, ఇంజన్ కడుపు కడిగి, కిరసనాయిలు పూశాడు. కాసేపు ఆగి పొడిగుడ్డతో మచ్చ లేకుండా తుడిచాడు. దాని మీద పొడి సున్నం చల్లాడు. తెల్లగా, ముగ్గేసిన గడపలా అయింది. "కూసోండ్రి. అది చెప్తది," అన్నాడు. ముగ్గురం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. చూస్తుండగానే ఆ తెలుపులో సన్నటి నల్లగీత లేచింది. పగుల్లో దాగిన కిరసనాయిలు సున్నంలోకి ఊరుతోంది. రెండంగుళాలుందనుకున్న పగులు జానెడయింది. అక్కడా ఆగలేదు. పైకి పాకి, లోపల ఇరుసు కూర్చుని తిరిగే జాగా దాకా పోయింది.

అయినా నాకు ఆశ చావలేదు.

"హైదరాబాదుల గ్యాసుతోని అతికిస్తరంట గద మేస్త్రీ? అతికించి, నువ్వు బిగిస్తే నడవదా?"

"నడుస్తది."

"ఎన్ని దినాలు?"

"గదే అది చెప్తలేదు."

ఆయన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "గీనికి ఏమిస్తున్నవు నువ్వు?" అని అడిగాడు.

"మగ్గం."

"దాని మీద ఎవలు కూసుంటరు?"

"తమ్ముడు."

"మగ్గం పోతే?"

"షోలాపూర్ పోతడు."

మేస్త్రి లేచాడు. కొట్టంలోకి పోయి ఒక గోనెసంచి దులుపుకుంటూ తెచ్చి ఫట్‌ఫటి మీద కప్పాడు.

"అతికిపిచ్చి బిగియ్యొచ్చు. నాకు పనే గద. ఆర్నెల్లకోసారి నా తానకే వస్తవు. గని ఏదో ఓ దినం నువ్వు జోరు మీద పోతుంటె ఇరుసు పట్టుకుంటది. నువ్వు రోడ్డు మీద, తమ్ముడు షోలాపూర్‌ల, మగ్గం శావుకారి ఇంట్ల. వద్దు డాక్టర్ సాబ్. నేను చెయ్య."

మామ పాపం తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నా చేతి పని మీద గంత నమ్మకముండె నాకు," అన్నాడు. నన్ను చూసి, "నీకేమన్నయితే నీ బాపుకు నా మొకం ఎట్ల చూపిస్తుంటి?" అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు.

నేను కోపంతో లేచాను. "మరి నా మంచు? గొర్లు సస్తుంటె చూసుకుంట కూసోవాల్నా?" అని మేస్త్రి మీద అరిచాను. ఆయన మీద అరిచినవాణ్ణి ఆ రోడ్డు మీద నేనొక్కణ్ణేనేమో.

"మంచుకు గుర్రం కావాల్నా, గొంగడి కావాల్నా?" అన్నాడాయన. నాకర్థం కాలేదు. కొట్టం వెనక నుంచి ఒక చిన్న చెక్కపెట్టె తెచ్చాడు. అందులో నిండా రంపపు పొట్టు పోసి, నడుమ గుంట చేసి, నా భుజానున్న థర్మాస్ అందులో దించి, పైన తడిపిన గోనెపట్టా చుట్టి తాడుతో బిగించాడు. నల్లగొండలో మంచు అమ్మేవాళ్ళు పొట్టులోనే పెట్టి అమ్ముతారు. రోజూ ఆ పొట్టు దులిపి పారేసి మంచుగడ్డ వాడుకున్నవాణ్ణి నేను. ఆ పెట్టెను సైకిలు వెనక కట్టుకుంటే పద్నాలుగు మైళ్ళ దూరంలో కూడా మంచు గలగలమని కదిలేది.

ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే ఏడుపు రావాలి కదా, రాలేదు. మోత్కూర్ దగ్గర పడేకొద్దీ ఒళ్ళు తేలికవుతోంది. నెల రోజులుగా గుండెల మీద ఉన్నదేదో దిగిపోతోంది. ఫట్‌ఫటి నాకు కావాలనుకున్నాను గానీ, ఎవరో ఒకరు వద్దని చెప్తే బాగుండునని అంతకన్నా ఎక్కువగా కోరుకున్నానని అప్పుడు తెలిసింది. ఆ మాట నా అంతట నేను అనలేకపోయాను.

ఇంటికి పోయేసరికి తమ్ముడు మగ్గం మీదున్నాడు. నన్నొక్కణ్ణే చూసి కాలి కింది పలక తొక్కడం ఆపాడు.

"ఏదన్నా, ఫట్‌ఫటి?"

"చీమలు పట్టినయ్‌రా," అన్నాను.

వాడికేమీ అర్థం కాలేదు. జరిగిందంతా చెప్తే పడీపడీ నవ్వాడు. బాపు నూలు నంబరెంతో అడిగి, పూడ్చిన పద్ధతి బాగుందన్నాడు. అమ్మ లేచి, నెల తర్వాత మొదటిసారి నాతో, "కాళ్ళు కడుక్కో, అన్నం పెడత," అంది. ఆ రాత్రే ఆకుపచ్చ పెట్టెలో మినుములు పోసింది.

కథ ఇక్కడితో అయిపోతే మేస్త్రిని నేను ఇంతగా తలుచుకునేవాణ్ణి కాదేమో. మూడు నెలలకు ఒక లారీ క్లీనరు చెప్పాడు, మేస్త్రి ఫట్‌ఫటి కొనుక్కున్నాడని, పొద్దంతా దాని చప్పుడే అని. ఏ ఫట్‌ఫటి? అదే, నూలు శావుకారిదట. శావుకారి బావి ఇంజన్ మొత్తం విప్పి బాగుచేసి ఇచ్చి, బదులుగా దాన్ని తీసుకున్నాడట.

నా ఒళ్ళు మండిపోయింది. నాకు వద్దని సంచి కప్పి, తను నొక్కేశాడన్నమాట! మంచి మాటలు చెప్పి, తమ్ముణ్ణి అడ్డం పెట్టి! చీమల సంగతీ సున్నం సంగతీ అంతా గారడీ అని కూడా అనిపించింది. బస్సు దిగేదాకా ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను. ఆయన పానాలన్నీ తన్నేసి రావాలనుకున్నాను.

కొట్టం దగ్గరికి పోయేసరికి చప్పుడేమీ లేదు. ఫట్‌ఫటి వేపచెట్టుకు ఇనుప తాళ్ళతో కట్టేసి ఉంది. వెనక చక్రం నేలకు తగలకుండా కింద దిమ్మె. ఇంజన్ కడుపు చీలిపోయి, లోపలి కడ్డీ ఒకటి విరిగి బయటికి పొడుచుకొచ్చింది. కొట్టం రేకులో పిడికిలంత బొక్క. ఆ బొక్కలోంచి ఎండ పడుతోంది. మేస్త్రి దాని ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. నేను పిలవకుండానే తలెత్తాడు.

"వచ్చినవా? నేనే నీ తానకొద్దామనుకుంటున్న," అన్నాడు. "నీకు వద్దని చెప్పిన సంది నాకు మనసున పట్టలే పిలగా. నేను ఇన్నది తప్పయితే? నీ ముంగట పెట్టిన బువ్వ గుంజుకున్నట్టు గాదా? అందుకే తెచ్చిన. హైదరాబాదు పంపి అతికిపిచ్చిన. చెట్టుకు కట్టేసి రోజు పొద్దటి సంది పగటి దాకా జోరుగ తిప్పిన. నెల దినాలు పగలకుంట ఆగితే తీస్కపోయి మీ ఇంటి ముంగట పెడదామనుకున్న. మగ్గం గిగ్గం ఏం వద్దు, నాదే తప్పు, తీస్కో అందామనుకున్న."

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"తొమ్మిదో దినం పోయింది," అన్నాడు. "అతుకు పగల్లే. అతుకు పక్కన పగిలింది. సూడు."

విరిగిన ముక్క నా చేతికిచ్చాడు. అరచేతిలో పట్టేంత ఇనుము, అంచులు కత్తిలా ఉన్నాయి. నేను రేకులోని బొక్కను చూశాను. ఫట్‌ఫటి సీటును చూశాను. ముక్క ఎగిరిపోయిన దారిలో, సీటు మీద కూర్చున్నవాడి మోకాలు ఎక్కడుంటుందో, కడుపు ఎక్కడుంటుందో లెక్కగట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అక్కడే చతికిలబడ్డాను. ఈ మనిషిని తిట్టడానికి పొద్దున్నే లేచి వచ్చానని తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. నా అనుమానం సంగతి మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా చెప్పలేకపోయాను. ఇక చెప్పే వీలూ లేదు.

మేస్త్రి నా ఏడుపును పట్టించుకోలేదు. నా భుజం పట్టుకుని ముఖంలోకి చూశాడు.

"తమ్ముడు ఉన్నడా? షోలాపూర్ పోలే గద?" అన్నాడు. మూడు నెలలుగా ఎవరినీ అడగడానికి ధైర్యం చాలని మాటలా ఉంది అది.

"ఉన్నడు మేస్త్రీ. నిన్ననే మగ్గం మీంచి ఓ చీర దించిండు."

"దించిండా?" అన్నాడు. మసి చేతులతోనే ముఖం తుడుచుకుని, "ఏం రంగు?" అని అడిగాడు.